నేలపట్టు చెరువు మీద ఒక కెమెరా కట్టండి

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ పెద్ద అధికారి పీసీసీఎఫ్ గారికి, సూళ్లూరుపేట వన్యప్రాణి విభాగం అధికారులకు, నేలపట్టు చెరువు కట్ట మీద ఎండనకా వాననకా తిరిగే వాచర్లకు,

నమస్కారం.

నేను తిరుపతి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. నేలపట్టు పక్షుల అభయారణ్యం చెరువులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు పెట్టే కడప చెట్లకు ఎదురుగా ఒక లైవ్ కెమెరా పెట్టి, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఎవరైనా చూసేలా తెరిచి ఉంచండి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా క్లాసు గది నుంచి మొదలుపెట్టాలి.

2024 జూలైలో ఒకరోజు ఎనిమిదో తరగతికి ఆహారపు గొలుసు చెబుతున్నాను. బోర్డు మీద గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బాణాలు గీస్తే పిల్లలు ఆవలిస్తున్నారు. నేను ఇంట్లో రాత్రిపూట చూసే అలాస్కా ఎలుగుబంట్ల కెమెరాను క్లాసులోని పెద్ద తెర మీద పెట్టాను. కట్‌మై నేషనల్ పార్కులో బ్రూక్స్ నది మీద ఒక చిన్న జలపాతం ఉంది, దాదాపు మనిషెత్తు. మనకు ఉదయం పది గంటలైతే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. కానీ జూలైలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి పదకొండుకు కాస్త అటూ ఇటూ, కాబట్టి తెర నిండా వెలుతురే. జలపాతం అంచున ఒక ఎలుగుబంటి నాలుగు కాళ్లూ నీళ్లలో పాతుకుని నిలబడింది. మూతి కొంచెం ముందుకు చాపి, కదలకుండా, మన ఊళ్లలో కొంగ మడిలో నిలబడినట్టు. సాల్మన్ చేపలు కింది నుంచి ఎగురుతున్నాయి. ఒకటి దాని చెవి పక్కనుంచి పోయింది. ఇంకోటి భుజానికి కొట్టుకుని పడిపోయింది. మూడు నిమిషాలు గడిచాయి. క్లాసులో ఒక్కరూ మాట్లాడలేదు. నాలుగో చేప నేరుగా నోట్లోకే వచ్చి పడింది. నలభై మంది ఒక్కసారిగా అరిచారు. పక్క క్లాసు టీచరు పరిగెత్తుకుంటూ వచ్చారు.

వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక అమ్మాయి లేచి, "టీచర్, ఇది రికార్డింగా, ఇప్పుడే జరగతా ఉందా?" అంది. ఇప్పుడేనమ్మా అన్నాను. "ఆ చేప ఇప్పుడే చచ్చిపోయిందా?" అని మళ్లీ అడిగింది. అవునన్నాను. ఆ అమ్మాయి తెర వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. డిస్కవరీ చానల్లో వందసార్లు పులి వేట చూసిన పిల్లే. అదంతా ఎప్పుడో జరిగిపోయినది, ఎవరో కత్తిరించి అతికించినది. ఇక్కడ మాత్రం తర్వాత ఏం జరుగుతుందో నాకూ తెలియదు, ఆ అమ్మాయికీ తెలియదు, ఆ ఎలుగుబంటికీ తెలియదు. లైవ్ కెమెరాకు ఉన్న బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ కెమెరాలు 2012లో మొదలయ్యాయి. అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఎక్స్‌ప్లోర్ సంస్థ పార్కు వాళ్లతో కలిసి పెట్టింది. కరెంటు లైను, రోడ్డు రెండూ లేని చోట వాటిని నడుపుతున్నారు. ఎక్కడెక్కడో ఇళ్లలో కూర్చున్న వాలంటీర్లు కెమెరాను దూరం నుంచే తిప్పుతారు, దగ్గరికి లాగుతారు. పార్కు రేంజర్లు అప్పుడప్పుడు లైవ్‌లోకి వచ్చి ఏ ఎలుగుబంటి ఏది, ఎందుకలా చేస్తోందో చెబుతారు. ప్రతిదానికీ ఒక నంబరు, తరచూ వచ్చేవాటికి పేర్లు కూడా ఉన్నాయి.

మేం చూడటం మొదలుపెట్టిన ఆ జూలై ఆఖరులో జరిగింది మీకు తప్పకుండా చెప్పాలి. గ్రేజర్ అనే తల్లి ఎలుగుబంటికి, దాని నంబరు 128, రెండు పిల్లలు. అవి నీటి ఉరవడికి జలపాతం మీద నుంచి కొట్టుకుపోయి, కింద చేపలు పడుతున్న చంక్ అనే పెద్ద మగదాని దగ్గర పడ్డాయి. చంక్ వాటి మీద పడింది. గ్రేజర్ తనకంటే ఎంతో బరువైన దాని మీదికి దూకి కలబడింది. గాయపడ్డ పిల్ల బతకలేదు. మా పిల్లలు రెండు రోజులు ఆ మాటే మాట్లాడుకున్నారు. ఒకడు ఇంటికెళ్లి అన్నం తినలేదని వాళ్ల అమ్మ నాకు ఫోన్ చేసింది. ఇలాంటివి చూపించడం తప్పేమోనని నాకూ టెన్షన్ పట్టుకుంది. కానీ ఆ పిల్లలే మర్నాడు గ్రేజర్ కోసం వెతికారు. మిగిలిన పిల్లతో అది మళ్లీ చేపలు పట్టడం చూశారు. అక్టోబర్‌లో శీతాకాలపు నిద్రకు ముందు ఎలుగుబంట్లు ఎంత బలిశాయో జనం ఓట్లు వేసి తేల్చే 'ఫ్యాట్ బేర్ వీక్' జరిగింది. ఫైనల్లో నిలిచినవి గ్రేజర్, చంక్. గ్రేజర్ గెలిచింది. మా క్లాసులో ఆ రోజు చాక్లెట్లు పంచారు. నేను కొనలేదు, వాళ్లే చందా వేసుకున్నారు.

ఆ తర్వాతే ఒక పిల్లవాడు అడిగాడు. "టీచర్, మన నేలపట్టుకు ఇట్టాంటిది పెట్టరా?"

అయ్యా, నేలపట్టు గురించి మీకు నేను చెప్పేదేముంది. 1976లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. దేశంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో పిల్లల్ని చేసే చోట్లలో అదొకటి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే కడప చెట్లు నడుము లోతు నీళ్లలో నిలబడతాయి, వాటి తలల మీద గూళ్లు ఒకదానికొకటి ఆనుకుని లేస్తాయి. వానలు మొహం చాటేసిన ఏడాది పక్షులు కూడా చాటేస్తాయి. చెరువు దగ్గర గూడు, మేత కోసం పులికాట్ సరస్సు. పొద్దున్నే బారులు తీరి వెళ్లి, కడుపు నిండా చేపలతో తిరిగి వస్తాయి. ఇంత జరుగుతున్నా, దొరవారిసత్రం మీదుగా రోజూ చెన్నైకి వెళ్లే బస్సుల్లో, రైళ్లలో కూర్చున్న వేలమందికి ఆ పక్కనే ఏముందో తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఫ్లెమింగో పండుగ రోజుల్లో ఒకసారి వచ్చి, టవరెక్కి, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు.

నేను చాలాసార్లు వచ్చాను. ఒక జనవరి ఉదయం బైనాక్యులర్స్‌లో చూసిన దృశ్యం రాస్తాను. తల్లో తండ్రో తెలియదు, రెండూ ఒకేలా ఉంటాయి, ఒక పెద్ద గూడబాతు వచ్చి గూటి అంచున వాలింది. కొమ్మ వంగింది. గూట్లో ఉన్న పిల్ల ఇంకా నున్నటి ఈకలు రాక దూదిపింజలా ఉంది. పెద్దది నోరు తెరవగానే పిల్ల తలను, మెడను, దాదాపు భుజాల దాకా దాని ముక్కు కింది సంచిలోకి దూర్చేసింది. బయట రెండు పొట్టి రెక్కలు మాత్రం కొట్టుకుంటున్నాయి. మింగేసిందేమో అనిపించేంత సేపు అలాగే ఉంది. తర్వాత బయటికి లాక్కుని, ముక్కు తుడుచుకున్నట్టు గూటి పుల్లలకు రాసుకుని, మళ్లీ దూర్చింది. నా పక్కన నిలబడ్డ వాచర్ "ఆ గూట్లో మూడు గుడ్లు పెట్టింది మేడం, ఒకటే మిగిలింది" అన్నాడు. ఆయనకు ఆ చెట్టు మీది ప్రతి గూడు సంగతీ తెలుసు. ఆయనకు తెలిసిందంతా ఏ పుస్తకంలోనూ లేదు, ఏ వీడియోలోనూ లేదు. ఆయన రిటైరైతే అదీ ఆయనతోనే పోతుంది.

అందుకే నాకు కొల్లేరు గుర్తొస్తుంది. 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ కొల్లేరు దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. 1975 ప్రాంతానికల్లా మనుషుల అలజడి భరించలేక పక్షులు దాన్ని వదిలేసి పోయాయి. ఎలా వదిలేశాయి? ఒక్క ఏడాదిలోనా, పదేళ్ల పాటు కొద్దికొద్దిగానా? ముందు ఏ చెట్టు ఖాళీ అయింది? అప్పుడు రోజూ చూసేవాళ్లు పదివేల మంది ఉండి ఉంటే ఆ మొదటి ఖాళీ చెట్టు దగ్గరే కేకలు పెట్టేవారని నేను అనుకుంటాను. ఒకే చోట నుంచి, ఒకే కోణంలో, ఏడాది తర్వాత ఏడాది తీసిన వీడియో మీ దగ్గర భద్రంగా ఉంటే, చెరువులో నీటి మట్టం ఎప్పుడు ఎంత, మొదటి గూడు ఏ తేదీన, చివరి పిల్ల ఎగిరింది ఏ తేదీన అన్నది అందులోనే దొరుకుతుంది. ఒక పక్షి స్థావరానికి అంతకంటే మంచి రికార్డు నాకు తోచడం లేదు.

చూసేవాళ్లు ఊరికే చూస్తారు, దానివల్ల ఏమొస్తుంది అని మీలో కొందరు అనుకోవచ్చు. రెండు సంగతులు చెబుతాను.

నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ అనే నగరం మధ్య నుంచి పాత కాలువ పోతుంది. మన కృష్ణా, గోదావరి కాలువల మీద ఉన్నట్టే దాని మీదా లాకులున్నాయి. వసంతకాలంలో చేపలు గుడ్లు పెట్టడానికి ఎగువకు పోవాలి. పడవలు తక్కువగా తిరిగే ఆ రోజుల్లో లాకు మూసి ఉంటుంది. చేపలు గేటు ముందు గుమిగూడి, తినే పక్షులకు, పెద్ద చేపలకు దొరికిపోతాయి. 2021లో అక్కడివాళ్లు నీటి అడుగున ఒక కెమెరా పెట్టి, తెర మీద ఒక బెల్ బొమ్మ పెట్టారు. చూసేవాళ్లకు చేప కనిపిస్తే బెల్ నొక్కాలి. ఫొటో ఆ కెమెరా నడిపేవాళ్లకు చేరుతుంది. తగినన్ని చేపలు పోగయ్యాయంటే లాకు ఉద్యోగి గేటు తెరుస్తాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో లక్షలాదిగా కూర్చుని ఆకుపచ్చటి మసక నీళ్లను చూస్తున్నారు. చాలాసేపు ఏమీ కనిపించదు. అయినా చూస్తున్నారు, ఎందుకంటే తమ వేలు కదిలితే ఒక గేటు కదులుతుంది.

రెండోది మళ్లీ కట్‌మైలోనే. 2023 సెప్టెంబర్‌లో డంప్లింగ్ పర్వతం మీది కెమెరా ముందుకు వానలో తడిసిన ఒక మనిషి వచ్చాడు. ఆ కెమెరాను చూసేవాళ్లు తక్కువ, అందులో పెద్దగా జంతువులు కనిపించవు. అతను లెన్స్‌లోకి చూస్తూ సాయం చేయండని పెదవులు కదిపాడు. చూస్తున్న ఆ కొద్దిమందే వెంటనే కబురు పెట్టారు. రేంజర్లు వెళ్లి అతన్ని క్షేమంగా దించుకొచ్చారు. మనిషిని కనిపెట్టిన కళ్లు వలను కనిపెట్టలేవా? ఉచ్చును, చెట్టు కింద రాజుకున్న మంటను, గూటి మీద పడ్డ కాకిని కనిపెట్టలేవా? మీ సిబ్బంది ఎంతమందో నాకు తెలియదు కానీ రాత్రీ పగలూ అన్ని చెట్లనూ చూసేంత మంది ఏ శాఖకూ ఉండరు.

ఇక ప్రేమ సంగతి. కట్‌మై ఎలుగుబంట్లను అక్కడికెళ్లి చూసినవాళ్లను, తెర మీద మాత్రమే చూసినవాళ్లను పోల్చి జెఫ్రీ స్కిబిన్స్, ర్యాన్ షార్ప్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. ఆ జంతువుల మీద అనుబంధంలో గానీ, వాటి కోసం ఏదైనా చేయాలన్న కోరికలో గానీ తెర మీద చూసినవాళ్లు ఏమాత్రం తీసిపోలేదని తేలింది. నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. పోస్టర్లు చూసి వచ్చిన ప్రేమ కాదది. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా అవే. రాత్రి నిద్రపట్టకపోతే వినిపించేదీ వాటి ముక్కుల చప్పుడే. అలాంటి గడప లేని మాబోటి వాళ్లకు ఈ కెమెరా ఒక తలుపు అవుతుంది. న్యూజెర్సీలోనో, హైదరాబాద్ అపార్టుమెంట్లోనో ఉన్న నెల్లూరు వాడికీ అవుతుంది.

కెమెరా పెడితే పక్షులకు హాని జరగదా అన్న ప్రశ్నను నేనే వేసుకున్నాను. ఎలా పెడతామన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్షులు రాకముందే, సెప్టెంబర్‌లోనే స్తంభం పాతి, తీగలు లాగి, పని ముగించాలి. గూళ్లు మొదలయ్యాక ఆ చెట్ల దగ్గరకు ఏ టెక్నీషియనూ వెళ్లకూడదు, చెడిపోతే ఆ సీజన్‌కు చెడిపోయినట్టే. గూటి నెత్తి మీద పెట్టొద్దు, కట్ట మీదో టవర్ మీదో పెట్టి జూమ్‌తో చూపించండి. రాత్రి లైట్లు అసలు వద్దు, చీకట్లో తెర నల్లగా ఉంటే ఉండనివ్వండి, కప్పల చప్పుడు వింటాం. డ్రోన్లు వద్దు. సోలార్ ప్యానెల్, ఒక బ్యాటరీ, నెట్ కనెక్షన్, వీటికయ్యే ఖర్చు శాఖకు భారమైతే దాతల్ని అడగండి. మొదటి చందా నా ఒక నెల జీతంలో సగం.

పులుల మాట మాత్రం ఎత్తొద్దని కూడా వేడుకుంటున్నాను. కెమెరా అనగానే ఎవరో ఒకరు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల్ని లైవ్‌లో చూపిద్దాం, జనం ఎగబడతారు అంటారు. పులి ఇప్పుడు ఏ నీటిగుంట దగ్గర ఉందో లోకానికంతా చెప్పడం వేటగాడికి చిరునామా రాసివ్వడమే. 2013లో మధ్యప్రదేశ్ పన్నాలో ఒక పులి ఎక్కడుందో చెప్పే, దాని మెడకు కట్టిన జీపీఎస్ కాలర్ సమాచారం వచ్చే ఈమెయిల్‌ను ఎవరో తెరవబోయారన్న వార్త మనం చదివాం. గూడబాతుల చెరువు ఎక్కడుందో అందరికీ ముందే తెలుసు, కొత్తగా బయటపడే రహస్యం అందులో లేదు. (తెలంగాణలో ఆసిఫాబాద్ వైపు పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టే పొడుగుముక్కు రాబందుల గురించి కూడా ఇలాంటి లేఖ ఒకటి రావాలని నాకు కోరిక. ఆ గుట్ట ఎరిగినవాళ్లు రాయాలి, నేను రాయకూడదు.)

అసలు హాని మనుషులు దగ్గరకు రావడంతోనే జరుగుతుంది. కొన్నేళ్ల కిందట ఒక పక్షుల కేంద్రానికి వెళ్లినప్పుడు, ఏ కేంద్రమో చెప్పను, కొందరు యువకులు పక్షులన్నీ ఒకేసారి లేచే ఫొటో కావాలని చప్పట్లు కొట్టి, ఈలలు వేశారు. వందల పక్షులు లేచాయి. ఫొటో వచ్చింది. అవి మళ్లీ వచ్చి కూర్చునేలోపు రెండు కాకులు ఒక గూట్లోకి దిగాయి. ఒకటి గుడ్డు పొడిచింది. నేను అరిచాను, కానీ అప్పటికే ఆలస్యమైంది. గూటి లోపలి సంగతులు ఇంట్లో తెర మీదే దగ్గరగా కనిపిస్తే, పక్షిని లేపి చూడాలన్న ఆ తహతహ కొందరిలోనైనా తగ్గుతుందని నా ఆశ. సందర్శకులు రావడం మానేస్తారన్న భయం మీకు అక్కర్లేదు. బ్రూక్స్ జలపాతానికి కెమెరాలు వచ్చాక వెళ్లేవాళ్లు పెరిగారే గానీ తగ్గలేదు.

ఇంకో మనవి. చావును కత్తిరించకండి. గూటి నుంచి పిల్ల జారి నీళ్లలో పడుతుంది. బలమైన పిల్ల బలహీనమైనదాన్ని మేత దగ్గరకు రానివ్వదు. జనం ఫోన్లు చేసి, ఆ పిల్లను కాపాడండి, మీకు మనసు లేదా అని తిడతారు. 2025 మార్చిలో కాలిఫోర్నియాలో జాకీ, షాడో అనే బాల్డ్ ఈగిల్ (తెల్లతల గద్ద) జంట గూట్లో మూడు పిల్లలు పుడితే, మంచు తుపానులో ఒకటి పోయింది. వేలమంది చూస్తూనే ఉన్నారు. ఆ చనిపోయిన పిల్లకు కూడా పేరు పెట్టి గుర్తుంచుకున్నారు. మిగిలిన రెండింటికీ ఆ ఊరి మూడో తరగతి పిల్లలే పేర్లు ఎంచారు. అలాంటి రోజున మీ తరఫున ఎవరో ఒకరు లైవ్‌లోకి వచ్చి, ఇది ఎందుకు జరిగింది, మనం ఎందుకు చేయి పెట్టడం లేదు అని తెలుగులో చెప్పాలి. ఆ మనిషి పెద్ద అధికారి కానక్కర్లేదు. "ఒకటే మిగిలింది మేడం" అని నాతో అన్న ఆ వాచర్ చాలు. వారానికి ఒక అరగంట ఆయన చేతికి మైక్ ఇవ్వండి, ఆ అరగంటకు ఆయనకు విడిగా డబ్బివ్వండి. ఆయన చెప్పే మాటలు రికార్డు చేసి దాచండి.

లెక్కల పని మా పిల్లలకు ఇవ్వండి. అలాస్కా ఎలుగుబంట్ల కోసం వాళ్లు ఒక రూళ్ల పుస్తకం పెట్టారు. తేదీ, టైము, ఏ ఎలుగుబంటి, ఎన్ని చేపలు పట్టింది, ఎన్ని వదిలేసింది. అలాంటి పుస్తకమే నేలపట్టు కోసం పెడతారు. తెర మీద కనిపించే చెట్లకు నంబర్లు వేసుకుని, రోజూ ఎన్ని గూళ్లు, ఏ గూట్లో ఎన్ని పిల్లలు రాస్తారు. మూడు బడులు ఒకే చెట్టును విడివిడిగా లెక్కపెడితే తప్పులు బయటపడతాయి. నెలకోసారి మీ వాచర్ల లెక్కతో సరిచూసుకుంటాం. తేడా వస్తే తప్పు మాదేనని ముందే ఒప్పుకుంటున్నాం.

సెప్టెంబర్‌లో స్తంభం పాతే రోజు ఏదో ముందుగా కబురు చేయండి. ఆదివారమైతే మరీ మంచిది. చెరువు ఎండి ఉంటుంది కాబట్టి మా పిల్లలు ఆ చెట్ల కింద దాకా నడిచి, కొమ్మ కొమ్మా చూసి, పుస్తకంలో మొదటి పేజీలో చెట్ల బొమ్మ గీసుకుంటారు. పక్షులు వచ్చాక మళ్లీ దగ్గరకు రారు.

గౌరవంతో,
మీ జిల్లాలోని ఒక జీవశాస్త్రం టీచరు, ఎనిమిదో తరగతి పిల్లలు